ఉతకని చొక్కా

ఫిబ్రవరి 11, బుధవారం

యాభై రెండు రోజుల తర్వాత ఇంటికి వచ్చాను. ఆస్పత్రిలో ఈ డైరీ ముట్టుకోలేదు. రాయడానికి ఏముంది అక్కడ? కడుపులో గడ్డ తీశారు. ఇంజక్షన్లు పొడిచారు. ఇక బతికున్నన్నాళ్ళూ రోజుకి మూడు టాబ్లెట్లు మింగమన్నారు. ఒక్క పూట కూడా మానకూడదట, మానితే గడ్డ మళ్ళీ వస్తుందట. సరే, మింగుతాను. బతికి బయటపడ్డాను, అదే పదివేలు.

ఇల్లు అద్దంలా ఉంది. అత్త కర్టెన్లు ఉతికింది, దుప్పట్లు ఉతికింది, గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టాని కూడా వదల్లేదు. బకెట్టు కనిపిస్తే ఆవిడ చేతులు ఊరుకోవు. కోడలు చావు దాకా వెళ్ళి వస్తోందని ఆవిడకి తోచిన పండగ ఇది. 

ఆస్పత్రిలో పక్క బెడ్ ఆవిడ నా ఉద్యోగం ఏమిటని అడిగింది. ధాన్యం గోదాములో గాదెగొండిని చూసుకుంటాను అన్నాను. ఆవిడ ఎప్పుడూ గొండిని చూడలేదట. చెప్పడానికి నానా తంటాలు పడ్డాను. కుక్కకంటే పొడుగు, కాళ్ళు మాత్రం పొట్టి, బూడిదరంగు బొచ్చు, చెవులు తలుపుల్లా మూసుకుంటాయి అన్నాను. కళ్ళు పేరుకే, లోకమంతా దానికి ముక్కులోనే ఉంటుంది. తొలుపుల్ని పట్టడానికి పెంచుతాం. సిమెంటు నేలని కూడా తొలుచుకుని వచ్చి బస్తాలు ఖాళీ చేసే జంతువులు అవి, ఒక్కొక్కటి పిల్లి సైజు ఉంటుంది. గొండి ఎప్పుడూ పాత ఫ్యాన్‌లా గురగురలాడుతూనే ఉంటుంది. వేటకి దిగేముందు మాత్రం ఊపిరి బిగబడుతుంది. ఆ గురగుర ఆగిందంటే ఎక్కడో ఒక ప్రాణం పోబోతోందన్నమాట.

మనుషుల్ని చంపదా అని అడిగింది. చంపుతుంది, తన మనిషిని తప్ప అన్నాను. పుట్టాక పదకొండు రోజులు గొండిపిల్ల కళ్ళు తెరవదు. ఆ పదకొండు రోజులూ ఎవరి చొక్కా దాని గూట్లో ఉంటే వాళ్ళే దాని మనిషి. ఒక గొండికి ఒక్కరే. కళ్ళు తెరిచాక తలకిందులుగా తపస్సు చేసినా ఇంకొకర్ని ఒప్పుకోదు. తన మనిషి వస్తే మాత్రం ఎదురొచ్చి పాదం మీద గడ్డం ఆనిస్తుంది. నా గొండి తొమ్మిదేళ్ళుగా రోజూ పొద్దున్నే నా కుడి పాదం మీద గడ్డం పెడుతోంది. ఎడమ పాదం ఇస్తే ముక్కుతో తోసేస్తుంది. అందుకే దాని పేరు పెంకి.

డాక్టర్ ఇంకో వారం రెస్టు తీసుకోమన్నాడు. రేపు ఊరికే వెళ్ళి ఒకసారి చూసి వస్తాను.


ఫిబ్రవరి 12, మధ్యాహ్నం

అక్షరాలు కుదరడం లేదు.

పెంకి ఉండే మూడో గోదాముకి రెండు తలుపులు. బయటిది చెక్కది, లోపలిది ఇనుప జాలీది. రెండూ దాటి లోపలికి వెళ్ళి, ఎప్పటిలాగే నాలుకతో రెండుసార్లు టక్‌టక్‌మన్నాను. పెంకి బస్తాల వెనక నుంచి వచ్చింది. చిక్కిపోయింది. గురగుర వినగానే నా ప్రాణం లేచి వచ్చింది. కుడి పాదం ముందుకు పెట్టి నిలబడ్డాను.

నాలుగడుగుల దూరంలో ఆగింది. ముక్కు పైకెత్తింది. గురగుర ఆగిపోయింది.

తొమ్మిదేళ్ళలో ఆ నిశ్శబ్దాన్ని ఎన్నోసార్లు విన్నాను. ఎప్పుడూ దాని వెనక నిలబడి విన్నాను. ఎదురుగా నిలబడి వినడం ఇదే మొదటిసారి. తిరగకూడదు, పరుగెత్తకూడదు, మాట్లాడకూడదు అని కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేదాన్ని నేనే. నా కాళ్ళకి ఆ పాఠం గుర్తుండబట్టి బతికాను. ఒక్కో అడుగూ వెనక్కి వేశాను. నేను ఒకటి వేస్తే అది ఒకటి వేసింది. జాలీ తలుపు దాటగానే పొట్టన్న లాగి మూసేశాడు. ఆయన పక్క గోదాములో గొండిని చూసుకుంటాడు, నన్ను చూడ్డానికని వచ్చాడు.

మంచినీళ్ళిచ్చి, ఇన్ని రోజులు ఎక్కడ తిరిగొచ్చావని అలిగింది చెల్లెమ్మా, మా ఆవిడ కూడా ఇంతే అన్నాడు. ఇద్దరం నవ్వాం. గొండిలు అలగవని మా ఇద్దరికీ తెలుసు.


ఫిబ్రవరి 13

సబ్బు మార్చలేదు. నూనె మార్చలేదు. మరి ఏం మారింది? మందులు. ఆపరేషన్. నేను.

మా ఆయన్ని సూటిగా అడిగాను, నా ఒంటి వాసన మారిందా అని. ఆయన మా గోదాముల్లోనే లారీలు తూకం వేసే దగ్గర పనిచేస్తారు. తలెత్తకుండా, లేదే, ఎప్పటిలాగే ఉన్నావు అన్నారు. ఆయన అబద్ధం చెబితే చెవులు ఎర్రబడతాయి. గదిలో చీకటి, కనపడలేదు.

పాత చొక్కాలు తొడుక్కుని వెళ్దామనుకున్నాను. మా పనిలో ఉన్నవాళ్ళు ఇది చేస్తూనే ఉంటారు. ఒక్కో చొక్కా నెలరోజులు ఉతక్కుండా వాడి, మూత బిగుసుకునే డబ్బాలో దాచిపెడతాం. జ్వరం వచ్చినా సెలవు పెట్టినా అవి ఆదుకుంటాయి. నా దగ్గర పదకొండు ఉండాలి. గొండి తన మనిషి వాసన దగ్గర్లో లేకపోతే ఆహారం ముట్టదు కాబట్టి, నేను ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆయన వాటిల్లో ఒక్కొక్కటే తీసుకెళ్ళి జాలీకి వేలాడదీశారట. నాలుగు అలా అయిపోయాయి. పెంకి వాటిని నాకి నాకి, చివరికి దాని ఎంగిలి వాసన తప్ప ఏమీ మిగల్లేదట.

మిగతా ఏడూ అత్త ఉతికేసింది. వేడినీళ్ళలో నానబెట్టి, బండ మీద బాది, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేయించి బీరువాలో పెట్టింది. డబ్బా తెరిస్తే కంపు కొట్టిందట. పాపం, ఒంట్లో బాగాలేక ఉతుక్కోలేకపోయింది అనుకుందట. పదేళ్ళుగా ఈ కంపు గురించే మా ఇద్దరికీ గొడవ. అయినా ఆవిడకి అది సోమరితనమే తప్ప పని అని ఏనాడూ అనిపించలేదు.

బీరువా ముందు కూర్చుని ఏడ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అరుద్దామని నోరు తెరిచాను. ఆస్పత్రిలో నేను కక్కుకున్న దుప్పట్లు ఉతికింది కూడా ఈ చేతులే. నోరు మూసుకున్నాను.


ఫిబ్రవరి 16, సోమవారం

డ్యూటీలో చేరాను. లోపలికి వెళ్ళడం లేదు, జాలీ బయట స్టూలు వేసుకుని కూర్చుంటున్నాను. పెంకి అవతల చివర కూర్చుంటోంది. పెట్టిన మాంసం పెట్టినట్టే ఉంది. తొలుపులు దాని ముందునుంచే నడిచి వెళ్తున్నాయి.

మేనేజర్ పిలిచి కాగితం చేతికిచ్చాడు. సంవత్సరానికోసారి జరిగే గుర్తింపు పరీక్ష, మార్చి 6న. గొండి మనిషి ఆయుధం లేకుండా లోపలికి వెళ్ళాలి. గొండి వచ్చి గడ్డం పెట్టి, రెండు నిమిషాలు అలాగే ఉంచాలి. ఇన్‌స్పెక్టర్ చూసి సంతకం చేస్తుంది. ఎనిమిదిసార్లు పాసయ్యాం. ప్రతిసారీ రెండు నిమిషాలు అయిపోయాక కూడా పెంకి గడ్డం తీసేది కాదు, నేనే తోసుకుని రావాల్సి వచ్చేది.

ఫెయిలైతే మూడు రోజుల్లో మందు పెట్టి గొండిని చంపేస్తారు. క్రూరత్వం కాదు. ఒకప్పుడు ఒక గోదాములో, తన మనిషి చచ్చిపోయిన గొండిని జాలిపడి అలాగే ఉంచారు. అది బయటపడి ముగ్గురు హమాలీల్ని చంపింది. అప్పటినుంచి ఈ రూలు. నేను ఆ రూలు మంచిదేనని మీటింగులో చేయెత్తి చెప్పిన మనిషిని.

పద్దెనిమిది రోజులుంది.


ఫిబ్రవరి 18

ఆరు రోజులుగా ఏమీ తినలేదు. నీళ్ళు మాత్రం తాగుతోంది.


ఫిబ్రవరి 19, సాయంత్రం

దొరికింది!

అత్త ఇల్లు దులుపుతూ ట్రంకుపెట్టె పక్కకి జరిపింది. వెనక ఒక చొక్కా పడి ఉంది. సాలెగూడు, దుమ్ము, చచ్చిన బొద్దింక ఒకటి. నవంబరులో నేను విప్పి పెట్టె మీద పడేసింది. గడ్డ నొప్పి మొదలైన రోజులవి, ఏది ఎక్కడ పడేశానో నాకే తెలిసేది కాదు.

రెండు వేళ్ళతో పట్టుకుని, మొహం అటు తిప్పుకుని తెచ్చి నా ఒళ్ళో వేసింది. "ఉతకలేదమ్మాయ్. దుమ్ము కూడా దులపలేదు. నువ్వే చూసుకో." ఆవిడ మాసిన గుడ్డని చూసి ఊరుకోవడం ఇదే మొదటిసారి అయ్యుంటుంది. చేతులు దురదపెడుతున్నట్టు చీరకి తుడుచుకుంటూ నిలబడింది. వంగి ఆవిడ కాళ్ళు పట్టుకుందామనుకున్నాను, కుట్లు సహకరించలేదు.

తొడుక్కుని వెంటనే గోదాముకి వెళ్ళాను. టక్‌టక్‌మన్నాను. పెంకి వచ్చింది. మొన్నటి చోటే ఆగింది. ముక్కు ఎత్తింది. గురగుర ఒక్క క్షణం తడబడింది గానీ ఆగలేదు. తర్వాత వచ్చి కుడి పాదం మీద గడ్డం పెట్టేసింది, నేను ఎక్కడికీ వెళ్ళనట్టే. దాని గురగుర పాదంలోంచి మోకాలి దాకా పాకుతుంటే నిలబడి ఏడ్చాను. వంగి వీపు నిమిరాను, ఎముకలు చేతికి తగిలాయి.

ఆ తర్వాత రెండు తొలుపుల్ని పట్టి, బొచ్చుతో సహా తినేసింది.


ఫిబ్రవరి 21

నేను తెలివైనదాన్నని అనుకునేదాన్ని. చొక్కా తొడుక్కున్న కొద్దీ నా కొత్త ఒళ్ళు దాని పాత వాసనని తినేస్తోందన్న సంగతి మూడు రోజులకి గానీ తట్టలేదు. కంచే చేను మేస్తోంది.

ఇప్పుడు లోపల ప్లాస్టిక్ రెయిన్‌కోటు, దాని మీద చొక్కా. రోజుకి పది నిమిషాలే. మిగతా సమయం బిస్కెట్ల డబ్బాలో పెట్టి, మూత చుట్టూ టేపు. ఇంట్లో ఎవరూ ఆ డబ్బా జోలికి రావడం లేదు. మా ఆయన దాని పక్కన నడిచేటప్పుడు కూడా మెల్లిగా అడుగులేస్తున్నారు.

రెయిన్‌కోటు మీద చొక్కాతో నన్ను చూసి పొట్టన్న, వాన లోపలే కురుస్తోందా చెల్లెమ్మా అని అడిగాడు.


ఫిబ్రవరి 24

ఈ రోజు గడ్డం పెట్టేముందు ఆలోచించింది.


ఫిబ్రవరి 25, మధ్యాహ్నం, లంచ్ టైములో

చొక్కాకి మహా అయితే ఇంకో మూడు నాలుగుసార్లు వస్తుంది. పరీక్షకి తొమ్మిది రోజులు. అందుకని రేపటినుంచి చొక్కా తీయను, పరీక్ష రోజుకే దాచిపెడతాను. అప్పటిదాకా పెంకి తినదు. తొమ్మిది రోజులు గొండికి చావు కాదు, కష్టం మాత్రమే. ఇలా రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఇంకో దారి ఉంది. దాని గురించి కూడా పొద్దున్నుంచి ఆలోచిస్తున్నాను. వాసన మార్చింది ఈ టాబ్లెట్లే కదా.


ఫిబ్రవరి 26

ఆపేశాను. ఎవరికీ చెప్పలేదు. పరీక్ష అయ్యేదాకానే. తొమ్మిది రోజుల్లో ఏ గడ్డా కొంపలు ముంచదు.

అత్త రోజుకి మూడుసార్లు నీళ్ళ గ్లాసుతో వచ్చి ఎదురుగా నిలబడుతుంది. నాలుక కింద పెట్టుకుని నీళ్ళు తాగి, ఆవిడ వెళ్ళగానే ఉమ్మి జేబులో వేసుకుంటున్నాను. ఈ వయసులో స్కూలు పిల్ల వేషాలు.


ఫిబ్రవరి 28

తల తిరుగుతోంది. ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయాను. మేనేజర్ చూసి ఇంటికి వెళ్ళమన్నాడు. వెళ్ళలేదు.


మార్చి 1, ఆదివారం

సెలవైనా వెళ్ళాను. చొక్కా లేకుండా, మామూలుగా, జాలీ దగ్గర స్టూలు మీద కూర్చున్నాను. పెంకి లేచి వచ్చింది. జాలీకి ముక్కు ఆనించి చాలాసేపు వాసన చూసింది. గురగుర ఆగలేదు. ఆగలేదు! తర్వాత అక్కడే, నాకు ఎదురుగా పడుకుంది. మనసు ఒప్పుకోనట్టు తల మాత్రం అటు తిప్పి పెట్టుకుంది. పెంకి కదా.

కడుపులో మెలిపెడుతోంది. కుట్ల చోట వేడిగా ఉంది. ఫరవాలేదు. ఇంకో ఐదు రోజులు.

ఇంటికి వచ్చేటప్పుడు దారంతా పాడుకుంటూ వచ్చాను. నాకు పాట రాదు.


మార్చి 3

దొరికిపోయాను.

ఉతికేముందు అత్త జేబులు చూస్తుందన్న సంగతి ఇంత పథకం వేసిన నాకు ఎందుకు గుర్తు రాలేదో తెలియదు. పదహారు టాబ్లెట్లు. వాటిని చిన్న పళ్ళెంలో పోసి, డైనింగ్ టేబుల్ మీద మా ఆయన ముందు పెట్టింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను. ఆయన అరుస్తారనుకున్నాను. అరిస్తే నేనూ అరవొచ్చు, అప్పుడు సులువు. ఆయన ఆ టాబ్లెట్లని వేలితో అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నారు. చివరికి అన్నారు:

"నీ వాసన మారిందని నాకు ఆస్పత్రిలో మూడో రోజే తెలిసింది. పక్కన ఎవరో వేరే ఆవిడ పడుకున్నట్టు ఉండేది. చెబితే బాధపడతావని చెప్పలేదు. నేను కళ్ళతో చూసి గుర్తుపడతాను, మాట విని గుర్తుపడతాను, నువ్వు తలుపు ఎలా వేస్తావో విని గుర్తుపడతాను. దానికి ఉన్నది ముక్కొక్కటే. దాని తప్పు లేదు. కానీ దానికోసం నువ్వు పోతే, నాకు రెండోసారి ఏడ్చే ఓపిక లేదు."

ఇరవై ఏళ్ళలో ఆయన ఒకేసారి ఇన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు. పెంకి చచ్చిపోతుంది అన్నాను. తెలుసు అన్నారు.


మార్చి 4

ఆస్పత్రికి తీసుకెళ్ళారు. డాక్టర్ తిట్టాడు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే తన చేతుల్లో ఉండేది కాదన్నాడు. మింగాను. అత్త నోరు తెరిపించి నాలుక కింద చూసింది.


మార్చి 5

పెంకి జాలీ దగ్గర నుంచి లేచి మళ్ళీ అవతల చివరికి వెళ్ళిపోయింది. ఒక్క రోజు టాబ్లెట్లకే.

ఇక చొక్కా ఒక్కటే దిక్కు. కానీ పాత చొక్కా మోసం ఇన్‌స్పెక్టర్లకి కొత్తేమీ కాదు. పరీక్షలో సీలు వేసిన కోటు వాళ్ళే తెచ్చి ఇస్తారు, ఒంటి మీద బట్టలు విప్పించి అది తొడుక్కోమంటారు. పొట్టన్న సలహా ఏమిటంటే, పెంకి పడుకునే గడ్డి ఒళ్ళంతా రుద్దుకోమని. రుద్దుకుని అద్దంలో చూసుకుంటే పక్షులకి పెట్టే దిష్టిబొమ్మలా ఉన్నాను. కడుక్కున్నాను.

మధ్యాహ్నం కత్తెర తీసుకుని చొక్కా కాలరు కత్తిరించాను. మెడ దగ్గర వాసన ఎక్కువ నిలుస్తుంది. వేలెడు వెడల్పు ముక్క. కుడి సాక్సులో, పాదం మీదుగా సరిగ్గా పడుతుంది. కాలరు లేని చొక్కాని డబ్బాలో పెట్టి మళ్ళీ టేపు వేశాను.


మార్చి 6, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇన్‌స్పెక్టరమ్మ పది గంటలకి వచ్చింది. ఇంచుమించు నా వయసే. ముందు నా ఆరోగ్యం అడిగింది. తర్వాత కవరు చింపి కోటు ఇచ్చింది. తొడుక్కున్నాను. గడ్డం పెట్టేది పాదం మీద కాబట్టి బూట్లు విప్పమంది. సాక్సు విప్పడానికి వంగబోతుంటే ఆపింది. ఆపరేషన్ అయిన మనిషి, నేల చల్లగా ఉంటుంది, సాక్సు ఉండనివ్వండి అంది. మోసం చేయడానికి వచ్చినదాన్ని, ఆ మాటకి తల ఎత్తలేకపోయాను.

లోపలికి వెళ్ళాను. ఆవిడా, మేనేజరూ, పొట్టన్నా జాలీ అవతల. మా ఆయన రాలేదు, ఆ సమయానికి లారీలు వరసగా ఉన్నాయి. ఉన్నాయని చెప్పారు.

టక్‌టక్‌మన్నాను. పెంకి వచ్చింది. తొమ్మిది రోజులుగా సరైన తిండి లేదు, వెనక కాళ్ళు ఈడుస్తూ వచ్చింది. గురగుర వినిపిస్తూనే ఉంది. మూడడుగుల దూరంలో ఒక్కసారి ఆగి, ముక్కు నేలకి దించి, నేరుగా కుడి పాదం దగ్గరికి వచ్చింది. వాసన చూసింది. చాలాసేపు చూసింది. గడ్డం పెట్టింది.

ఆ బరువు ఎలా ఉంటుందో రాయడం నాకు చేతకాదు.

నేను ఊపిరి పీల్చుకోవడం కూడా మెల్లిగా పీల్చుకున్నాను. అవతల ఇన్‌స్పెక్టరమ్మ పెన్ను క్యాప్ తీసిన చప్పుడు వినిపించింది. ఒక నిమిషం దాటి ఉంటుంది. ఇంకొక్క నిమిషం, తల్లీ, ఇంకొక్క నిమిషం అలాగే ఉండు అని మనసులోనే బతిమాలుకున్నాను.

పెంకి తల ఎత్తింది. దాని ముక్కు సాక్సు అంచు దాటి, చీలమండ మీదుగా పిక్క దాకా వచ్చింది. అక్కడ ఆగింది. గురగుర ఆగిపోయింది.

భయం వేసిందా అంటే గుర్తు లేదు. అయిపోయింది అని మాత్రం అనుకున్నాను. అది నా మీదికి దూకలేదు. మళ్ళీ కిందికి వంగి, ముందు పళ్ళతో సాక్సు అంచు పట్టుకుని, మెల్లిగా లాగి ఊడదీసి, లోపలున్న కాలరు ముక్కని బయటికి తీసింది. ఆరేళ్ళ క్రితం తన పిల్లల్ని ఎత్తిన పద్ధతి అదే. నా చర్మానికి పన్ను తగల్లేదు. దాన్ని నోట కరుచుకుని మూలకి తీసుకెళ్ళింది, గడ్డిలో పెట్టింది. వెనక్కి తిరిగి ఆ ముక్కకీ నాకూ మధ్య నిలబడింది. చెవులు మూసుకుంది. చప్పుడు లేదు. నన్నే చూస్తోంది.

అది నన్ను కాపాడుకుంటోంది. నా దగ్గర్నుంచే. దాని మనిషిని ఎవరో ఏదో చేసి, ఆ మనిషి గుడ్డ కాలికి చుట్టుకుని వచ్చారని అనుకుని ఉంటుంది. ఒక రకంగా నిజమే.

"అమ్మా, వెనక్కి రండి. తిరగకండి. అలాగే వెనక్కి." ఇన్‌స్పెక్టరమ్మ గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

వచ్చేశాను. ఆవిడ ఫారం నింపింది. సంతకం పెట్టేటప్పుడు పెన్ను ఒకసారి ఆగింది. సాక్సు సంగతి నేను రాయలేదండీ అంది నా వైపు చూడకుండా. థాంక్స్ చెప్పాను. ఫెయిల్ అయినందుకు థాంక్స్ చెప్పిన మనిషిని నేనే అయ్యుంటాను.

ఇంటికొచ్చి చూసుకుంటే ఒక కాలికే సాక్సు ఉంది.


మార్చి 7

కదలడం లేదట. మూలలో ఆ ముక్క మీద గడ్డం పెట్టుకుని పడుకుందట. ఎవరు దగ్గరికి వచ్చినా లేచి నిలబడుతోందట. పొట్టన్న వచ్చి చెప్పాడు. జోక్ ఏమీ వేయలేదు. టీ ఇస్తే తాగకుండా వెళ్ళాడు.


మార్చి 8, ఆదివారం

పొద్దున మేనేజర్ ఇంటికే వచ్చాడు. బోనులో పెట్టి అది పోయేదాకా ఉంచుకోకూడదా అని అడిగాను. ఎక్కడ ఉంచుతాం, ఏం తింటుంది, మీరే చెప్పండి అన్నాడు. తినదు. పస్తులతో పదిహేను రోజులు కొట్టుకుని చస్తుంది. నాకంటే ఎవరికి బాగా తెలుసు? అడవిలో వదిలినా వాసన పట్టుకుని గోదాములకే వస్తుంది, దారిలో ఎవరు ఎదురైతే వాళ్ళు.

రెండు దారులున్నాయని చెప్పాడు. ఒకటి, జాలీలోంచి తుపాకీతో కాల్చడం. మూలలో ఉంది కాబట్టి ఒక గుండుతో అవుతుందని నమ్మకం లేదు. రెండోది, పశువుల డాక్టరు వేసే, ప్రాణం తీసే మత్తు సూది. దానికి పెంకి నడిచి జాలీ గోడ పక్క సందులోంచి ఇరుకు పంజరంలోకి రావాలి. ఎవరు పిలిచినా రాదు. ఆయన అంతకుమించి అడగలేదు. చెప్పులు తొడుక్కుంటూ చాలాసేపు నిలబడ్డాడు.

ఈ నెలరోజుల్లో కోపం తెచ్చుకోవడానికి నాకు ఒక్క చెడ్డ మనిషి కూడా దొరకలేదు. అత్త మంచిది, ఆయన మంచివారు, డాక్టర్ బతికించాడు, ఇన్‌స్పెక్టరమ్మ కప్పిపుచ్చింది, ఈ మేనేజర్ చెప్పులు తొడుక్కోలేకపోతున్నాడు. ఒక్కరు దొరికినా జుట్టు పట్టుకునేదాన్ని.

డబ్బాలో కాలరు లేని చొక్కా ఉంది. రేపు ఎన్ని గంటలకని వెనక నుంచి కేకేసి అడిగాను. తొమ్మిదింటికి అన్నాడు.


మార్చి 9, సోమవారం

మా ఆయన సెలవు పెట్టి వచ్చారు. బయట గేటు దగ్గర నిలబడ్డారు.

చొక్కాకి తాడు కట్టాం. నేను జాలీ బయటివైపు నడుస్తూ, జాలీ కింది ఖాళీలోంచి తాడు పట్టుకుని చొక్కాని లోపలివైపు ఈడ్చుకెళ్ళాలి. రెయిన్‌కోటు వేసుకున్నాను, చేతులకి ప్లాస్టిక్ కవర్లు. కొత్త నేను ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

టక్‌టక్‌మన్నాను.

పెంకి తల ఎత్తింది. లేచింది. కాలరు ముక్కని నోట్లోనే పెట్టుకుని వచ్చింది, వదల్లేదు. గురగురలాడుతూ చొక్కా వెనకే నడిచింది. చిన్నప్పుడు కళ్ళు సరిగ్గా తెరవకుండానే నా చొక్కా కొస వెంట గోదామంతా ఇలాగే తిరిగేది. నేను కావాలని పరుగెత్తేదాన్ని, అది దొర్లుకుంటూ వచ్చేది. ఈ రోజు నెమ్మదిగా నడిచాను. దానికి ఓపిక లేదు, నాకూ లేదు. సందు పొడుగు ముప్పై అడుగులు. మధ్యలో రెండుసార్లు ఆగి కూర్చుంది. నేనూ ఆగాను. ఎవరూ తొందర పెట్టలేదు.

నా వాసనతోనే తీసుకెళ్ళాను దాన్ని. ఇంకెవరి వల్లా అయ్యేది కాదు.

పంజరంలో చొక్కా ఆపగానే దాని మీద గడ్డం పెట్టేసింది. డాక్టరు వెనకనుంచి సూది వేశాడు. ఉలిక్కిపడింది గానీ గడ్డం తీయలేదు. నేను జాలీకి ఇటువైపు నేల మీద కూర్చున్నాను, ఒక చేయి దూరంలో. మాట్లాడకూడదనుకున్నాను, మాట్లాడాను. ఏం మాట్లాడానో రాయను. నా గొంతు మారలేదు కదా, చెవులు తెరుచుకున్నాయి. విందనే అనుకుంటాను.

గురగుర నెమ్మదించింది. మధ్య మధ్యలో ఎడం వచ్చింది. తర్వాత ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి ఈ తొమ్మిదేళ్ళలో నేను భయపడకపోవడం ఇదే మొదటిసారి.

చొక్కా వెనక్కి ఇవ్వబోయారు. దాని కిందే ఉండనివ్వమన్నాను.


మార్చి 17

చిరిగిన బస్తాలు కుట్టే సెక్షన్‌లో వేశారు. పని తేలికే. టాబ్లెట్లు వేసుకుంటున్నాను.

వారం నుంచి వేసుకుంటున్న చొక్కాని ఈ రోజు బకెట్లో వేశాను. అత్త తీసింది. ఉతకలేదు. మడతపెట్టి, బిస్కెట్ల డబ్బాలో పెట్టి, మూత బిగించి, చుట్టూ టేపు వేసింది. ఎవరి కోసమని నేను అడగలేదు.